భద్రం మామయ్య ఊడ్చేసిన ఊరు

మా మామయ్య పని ఇతరుల ఇళ్లు మార్చడం. ఇల్లు ఎలాగూ కదలదు కాబట్టి ఇంట్లోవి మార్చడం అనుకోండి. మంచాలు, బీరువాలు, నిలువుటద్దాలు, ఎవరూ చదవని పుస్తకాల అట్టపెట్టెలు, అన్నిటినీ ఒక గుమ్మంలోంచి బయటికి తెచ్చి ఇంకో గుమ్మంలోంచి లోపలికి చేర్చడం. మెట్ల మీద బరువు ఎత్తినప్పుడల్లా ఆయన నోటివెంట ఒకటే మాట వచ్చేది, "భద్రం, భద్రం" అని. అది తోటివాళ్లతో అనేదో, బీరువాతో అనేదో, తన మోకాళ్లతో అనేదో ఎవరికీ తెలియదు. చివరికి ఆ మాటే పేరై కూర్చుంది. కంపెనీలో భద్రం, వీధిలో భద్రం, మా ఇంట్లో భద్రం మామయ్య. అసలు పేరు ఆయనకే సరిగ్గా గుర్తున్నట్టు లేదు. ఆసుపత్రిలో ఆ పేరు పెట్టి పిలిస్తే పక్కవాళ్ల వంక చూస్తూ కూర్చుంటాడు.

పనిలో ఆయనకు కొన్ని పట్టింపులు ఉండేవి. ప్రతి పెట్టె మీదా అందులో ఏముందో, కొత్త ఇంట్లో ఏ గదిలోకి వెళ్లాలో రాసిన చీటీ అంటించి ఉండాలి. లారీ కదిలే ముందు ఇల్లాలినో పెద్దాయననో పక్కకు పిలిచి, మీకు ప్రాణమైనది ఏదైనా ఉంటే మాకివ్వకండి, మీ చేతిలో పట్టుకుని రండి అని చెప్పేవాడు. ఒకావిడ అలా పిల్లిని బుట్టలో పెట్టుకుని వచ్చిందట. ఒకాయన పాడైపోయిన రేడియో ఒళ్లో పెట్టుకుని వచ్చాడట. ఒక పాప గుప్పిట్లో ఏదో మూసుకుని వచ్చి, ఎంత అడిగినా ఎవరికీ చూపించలేదట.

వీటన్నిటినీ మించిన పట్టింపు చీపురు. సామాను ఎక్కించాక, ఖాళీ అయిన పాత ఇంటిని ఊడ్చి గానీ తాళం వేయనిచ్చేవాడు కాదు. తర్వాత వచ్చేవాళ్లు మన దుమ్ము తొక్కకూడదనేవాడు. తోటివాళ్లు లారీలో కూర్చుని విసుక్కుంటుంటే, ఈయన లోపల తీరిగ్గా గదుల మూలలు ఊడుస్తూ ఉండేవాడు. ఊడ్చే పనిలో తొందర పనికిరాదన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతమే ఒకరోజు మా కొంప ముంచింది. అక్కడికే వస్తున్నాను.

ఇన్నేళ్లలో ఒక్క గ్లాసు పగలలేదు, ఒక్క మూత పోలేదు. ఈ మాట మామయ్య ఎన్నిసార్లు చెప్పాడంటే, ఆయన "ఇన్నేళ్లలో" అని మొదలుపెట్టగానే మిగతాది మేమే పూర్తి చేసేవాళ్లం. చెప్పుకోనివ్వండి, తప్పేముంది. నిజమే కదా.

మా అత్తయ్య ఇంట్లోనే కిటికీ తెరలు కుట్టేది. కొత్త ఇంట్లో దిగినవాళ్లకు మొదట కావలసింది తెరలే కాబట్టి, మామయ్య సామాను దించి వచ్చిన ఇళ్లలో సగం అత్తయ్య మిషను మీదికి వచ్చేవి. ఆ కుట్టుమిషను పక్కనే ఒక కంప్యూటర్. ఏదో ఆఫీసు మారుస్తుంటే, పాతబడిందని వాళ్లు వదిలేసిన దాన్ని మామయ్య ఇంటికి తెచ్చాడు. మొదట్లో అత్తయ్య అందులో పేకాట ఆడేది. తనతో తనే ఆడి గెలవడంలో మజా లేదనిపించి, ఊళ్లు కట్టే గేము ఒకటి మొదలుపెట్టింది. ఖాళీ నేల ఇస్తారు, అందులో రోడ్లు వేసుకోవాలి, ఇళ్లు కట్టుకోవాలి, గోడలకు రంగులు, తలుపులు, మెట్లు, చెట్లు అన్నీ మన ఇష్టం.

అత్తయ్య ఎవరి ఇళ్లు కట్టిందనుకున్నారు? మామయ్య మోసిన ఇళ్లు. సాయంత్రం ఆయన వచ్చి కాళ్లు కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని కూర్చోగానే ప్రశ్నలు మొదలయ్యేవి. ఇవాళ ఎవరిల్లు, మెట్లు ఎటు తిరిగాయి, తలుపు రంగేమిటి, కిటికీలోంచి ఏం కనపడుతుంది అని. ఆయన చెబుతుంటే ఈవిడ కట్టేది. కిటికీలోంచి తాళ్లతో పియానో ఎక్కించిన సంగీతం మాస్టారి ఇల్లు ఉంది అందులో. పియానో గాలిలో ఉన్నంతసేపూ మాస్టారు వీధిలో కళ్లు మూసుకుని నిలబడ్డాడట. ఎదురింట్లో పొద్దుటి ఎండ బాగా పడుతుందని రోడ్డు దాటి అక్కడికే మారిపోయిన పెద్దాయన ఇల్లు ఉంది. ఒకే ఇంటి ముందు రెండు లారీలు పెట్టించి విడిపోయిన మొగుడూపెళ్లాల ఇళ్లు రెండూ ఉన్నాయి. అత్తయ్య వాటిని ఊరికి చెరో చివర కట్టింది గానీ, మధ్యలో ఎక్కడా మలుపు లేకుండా తిన్నగా ఒక రోడ్డు వేసింది. ఎప్పుడైనా మనసు మారితే దారి వెతుక్కోనక్కర్లేదు అంది.

అలా ఏళ్లు గడిచి అదొక పెద్ద ఊరైంది. మామయ్య ఆ ఊరి మీద మాత్రం ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. నా పని మోయడం, కట్టడం మీ అత్తయ్య పని అనేవాడు. ఆయన మోసిన బరువంతా అక్కడ ఇళ్లై నిలబడి ఉంది. వేరే ఎక్కడా లేదు. ఎవరింటి బీరువా ఎవరు మోశారో ఆ ఇళ్లవాళ్లు మాత్రం గుర్తుపెట్టుకుంటారా?

మామయ్య మోకాళ్లు ఇక చాలన్నాయి. పని మానేస్తున్నాడని తెలిసి కంపెనీవాళ్లు చిన్న సభ పెడతామన్నారు. సభ అనగానే ఆయనకు ముచ్చెమటలు పోశాయి. బీరువా ఎత్తమంటే ఎత్తుతాడు గానీ మైకు ముందు నోరు విప్పమంటే ఎలా? అవన్నీ వద్దు, ఆదివారం మధ్యాహ్నం అందరూ మా ఇంటికి భోజనానికి రండి, మనం మోసిన ఇళ్లన్నీ ఒకసారి చూద్దాం అన్నాడు. ఆయనతో పాటు బరువులెత్తిన గుండు, పొడుగాయన, లారీ డ్రైవరు అందరూ భార్యాపిల్లలతో వస్తామన్నారు. ఆ ఊరి గురించి వినడమే గానీ, వాళ్ల ఇళ్లలోవాళ్లు ఎప్పుడూ చూడలేదు. తమ మనిషి రోజంతా ఎక్కడికెళ్లి ఏం చేసేవాడో చూస్తారు కదా అని మామయ్య సంబరం.

సరిగ్గా అప్పుడే కంప్యూటర్ టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. లోపలి హార్డ్ డిస్క్ ముసలిదైపోయిందని, ఇవాళో రేపో అన్నట్టుందని రిపేరు దుకాణం ఆయన తేల్చేశాడు. అత్తయ్య చెల్లెలికి కంటి ఆపరేషన్ అయితే తోడుగా వెళ్లింది. ఆవిడ ఊళ్లో లేనప్పుడు దుకాణం ఆయన వచ్చి కొత్త డిస్క్ బిగించాడు. అది అరచేతిలో పట్టేంత ఉంది, బరువు లేదు, చప్పుడు లేదు. మామయ్య దాన్ని చేతిలో పెట్టుకుని ఎగరేసి చూసి, ఇంతలో ఊరంతా పడుతుందా అని అడిగాడట. పది ఊళ్లు పడతాయన్నాడట ఆయన.

దుకాణం ఆయన ఆపరేటింగ్ సిస్టమ్‌ని మాత్రం కొత్త డిస్క్‌లోకి మార్చి, గేములు మీ వీలు చూసుకుని మార్చుకోండి, పాత డిస్క్ కూడా తగిలించే ఉంచాను అని చెప్పి వెళ్లాడు. మామయ్య నాకు ఫోను చేశాడు. నేను ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తాను. ఇంటర్నెట్ పెట్టె ఆపి మళ్లీ వేయడం తెలిసిన పాపానికి మా ఇంట్లో నేనే ఇంజనీరుని. శనివారం పొద్దున్నే వస్తాను, అప్పటిదాకా దేన్నీ ముట్టుకోవద్దు అని చెప్పాను. అలాగే అన్నాడు. మామయ్య అలాగే అన్నాడంటే మనం చెప్పింది వినపడిందని అర్థం. అంతకుమించి ఏమీ లేదు. జీవితమంతా ఊళ్లోవాళ్ల సామాను మోసినవాడు, తన సామాను మార్చడానికి మేనకోడలి కోసం ఎదురుచూస్తాడా?

శనివారం నేను వెళ్లేసరికి మామయ్య వాకిట్లోనే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తడి తల, ముఖం నిండా నవ్వు.

"నీకు పనేం మిగల్చలేదమ్మడూ. అంతా మార్చేశాను" అన్నాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మీద పేకాట, చదరంగం, మామయ్య ఆడే లారీ గేము, అత్తయ్య ఊరు, అన్నిటి బొమ్మలూ వరసగా ఉన్నాయి. నిజానికి తను మార్చాల్సిన అవసరమే రాలేదట. కొత్త డిస్క్‌తో కంప్యూటర్ వేసి చూస్తే బొమ్మలన్నీ ముందే వచ్చి ఉన్నాయట. నమ్మకం కుదరక ఊరు తెరిచి చూశాడట. ప్రతి వీధీ తిరిగి చూశాడట, ఒక్క కిటికీ కూడా పోలేదట. సామాను మొత్తం చేరిపోయిందని రూఢి చేసుకున్నాకే మిగతా పని చేశానన్నాడు.

మిగతా పని ఏమిటని అడిగాను.

"పాత ఇల్లు ఊడ్చేశాను."

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన ఓపికగా చెప్పాడు. పాత డిస్క్ దుకాణం ఆయనకు తిరిగిచ్చేస్తున్నాం కదా, మన చెత్తతో ఇవ్వడం మర్యాద కాదని, దాన్ని శుభ్రం చేసే దారి ఎక్కడుందో వెతికి పట్టుకున్నాడు. ఇందులో ఉన్నవన్నీ పోతాయి, ఫరవాలేదా అని కంప్యూటర్ అడిగిందట. ఖాళీ ఇల్లే కదా అని సరే అన్నాడట. త్వరగా చేసేయమంటారా అన్నచోట ముందే ఒక టిక్కు పెట్టి ఉందట. ఆ టిక్కు తీసేశాడు. ఊడ్చే పనిలో తొందరేమిటి? అది మూలమూలా తుడుస్తుంటే నిన్న మధ్యాహ్నమంతా దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడట, మధ్యలో ఆగిపోతుందేమోనని.

ఊరి బొమ్మ మీద నొక్కాను. తెర మీద ఒక చిన్న పెట్టె లేచి, మీరు వెతుకుతున్నది ఇక్కడ లేదంది. పేకాట నొక్కాను, లేదంది. చదరంగం, లేదు. లారీ, లేదు.

మామయ్య నా భుజం మీంచి వంగి చూస్తున్నాడు. నిన్న తెరుచుకుంది కదా అన్నాడు. నిన్న పాత డిస్క్‌లోంచి తెరుచుకుంది, అందుకని తెరుచుకుంది. ఈ మాట ఎలా చెప్పాలో తోచక, చివరికి ఆయన భాషలోనే చెప్పాను.

"మామయ్యా, ఈ బొమ్మలు సామాను కాదు. పెట్టెల మీద అంటించే చీటీలు. చీటీలు కొత్త ఇంటికి వచ్చాయి. పెట్టెలు పాత ఇంట్లోనే ఉన్నాయి."

ఇంకొకరైతే పదిసార్లు చెప్పించుకునేవారు. ఆయనకు వెంటనే అర్థమైంది. అది చూడటం నాకు ఇంకా కష్టమైంది. మెల్లిగా అత్తయ్య కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు.

ముట్టుకోవద్దన్నానా లేదా, ఒక్కరోజు ఆగితే నీ సొమ్మేం పోయేది, ఆ చీపురు పిచ్చి కంప్యూటర్‌కి కూడా అంటించాలా అని నేను దులిపేశాను. ఆయన ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. అటునుంచి మాట రాకపోతే కోపం ఎంతసేపు నిలుస్తుంది? నోరు మూసుకుని దుకాణం ఆయనకు ఫోను చేశాను. పోయినవి వెనక్కి తెచ్చే దారి ఉంటుందండీ, త్వరగా చేసే టిక్కు పెట్టి తుడిస్తే చాలావరకు దొరుకుతాయి అన్నాడు. ఆ టిక్కు తీసేశారని చెప్పాను. "అది ఎవరూ తీయరండీ" అన్నాడు బాధగానే.

మామయ్యకు ఆదివారం గుర్తొచ్చిందో లేదో తెలియదు. ఆయన అడిగింది ఒక్కటే.

"మీ అత్తయ్యకు ఏమని చెప్పను?"

అత్తయ్య సాయంత్రానికి వస్తుంది. నేను చేయగలిగింది నేను చేశాను. కుట్టు సామాను సొరుగులో, దారపు ఉండల కింద గేముల సీడీలు దొరికాయి. ఒక్కొక్కటీ కొత్త డిస్క్‌లోకి ఎక్కించాను. పేకాట వచ్చింది, చదరంగం వచ్చింది, మామయ్య లారీ వచ్చింది. ఆ లారీని ఆయన గేములో కూడా నత్తనడకన నడిపిస్తాడు, వెనక అద్దాలుంటాయేమోనని. చివరికి ఊరి గేము కూడా తెరుచుకుంది. పచ్చటి ఖాళీ నేల, ఒక పక్కన ఏరు, ఇంకేమీ లేదు.

మామయ్య చాలాసేపు చూశాడు. "ఎంత శుభ్రంగా ఉందో" అన్నాడు.

ఆ మాటకు నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. నేను ఆయన వంక, ఆయన నా వంక చూసుకున్నాం. ఎవరు ముందు నవ్వారో గానీ ఇద్దరం పొట్టలు పట్టుకున్నాం. నవ్వు అయ్యాక ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, సాయంత్రం లోపల ఒక వీధైనా కట్టేద్దాం పట్టు అన్నాడు.

ముందు నేను మౌసు పట్టుకున్నాను, ఆయన చెబుతున్నాడు. కొంచెం ఎడమకు, ఇంకొంచెం, కాదు కాదు వెనక్కి, భద్రం. బీరువా దించిస్తున్నట్టే. కాసేపటికి నాకు ఒళ్లు మండి, నువ్వే కట్టుకో అని మౌసు ఆయన చేతిలో పెట్టేశాను. అన్ని బరువులు మోసిన ఆ చెయ్యి ఆ చిన్న మౌసును గాజుసామానులా పట్టుకుంది.

మొట్టమొదట ఒక చిన్న ఇల్లు కట్టాడు. మేడ మీద ఒంటి గది, బయటినుంచి మెట్లు, ఆకుపచ్చ తలుపు. తలుపు తప్పు వైపు పడింది. సరిచేయబోతే ఇంకో తలుపు వచ్చింది. అది తీసేయబోతే చెట్టు మొలిచింది. ఎవరిదీ ఇల్లు అని అడిగితే, కట్టనివ్వు ముందు అన్నాడు.

ఆ తర్వాత చెయ్యి కాస్త తిరిగింది. కట్టిన ప్రతి ఇంటికీ ఒక కథ చెప్పాడు. ఒక ఇంట్లో బామ్మగారు తను కూర్చున్న కుర్చీ దిగనని మొరాయిస్తే, ఆవిడను కుర్చీతో సహా ఎత్తి కొత్త ఇంటి వరండాలో దించారట. ఆవిడ దారి పొడుగునా అందరికీ చెయ్యి ఊపుతూ వచ్చిందట. ఇంకో ఇంట్లో సామానంతా దించాక, ఇది మా సామాను కాదు అన్నారట ఇంటివాళ్లు. గుండు ఎక్కించేటప్పుడు పక్కింటి సామాను ఎక్కించేశాడు. అది నవ్వుకుంటూ మళ్లీ మోసిన రోజు. చేపల తొట్టి ఉన్న ఇంట్లో, చేపల్ని బకెట్‌లో పెట్టుకుని పొడుగాయన లారీ వెనక కూర్చున్నాడట. కుదుపు వచ్చినప్పుడల్లా వాటికి ధైర్యం చెప్పాడట. మామయ్యకు మనుషుల పేర్లు గుర్తులేవు. ఏ ఇంటి మెట్లు ఎక్కడ తిరిగాయో, ఏ గుమ్మంలో మంచం పట్టలేదో మాత్రం కళ్లకు కట్టినట్టు చెబుతాడు. పొద్దున తిట్టినదాన్ని, మధ్యాహ్నానికి ఇంకోటి చెప్పు, ఇంకోటి చెప్పు అని వెంటపడ్డాను. చెప్పాలంటే ఆ రోజంత సంతోషంగా నేను ఈ మధ్యకాలంలో లేను.

చేపల ఇంటి దగ్గర మేం నవ్వుకుంటుండగానే వెనకనుంచి గొంతు వినపడింది.

"మాస్టారి ఇంటికి ఆ కిటికీ వెనక వైపు ఉండాలి."

అత్తయ్య ఎప్పుడొచ్చిందో చూసుకోలేదు. భుజాన చేతిసంచి అలాగే ఉంది. మా నవ్వు ఆగిపోయింది. నేను నీళ్లు నములుతూ ఏదో చెప్పబోయాను. మామయ్య నన్ను ఆపి లేచి నిలబడ్డాడు.

"ఊరు పోయింది. నేనే పోగొట్టాను. అన్నీ వచ్చేశాయనుకుని పాతది ఊడ్చేశాను. అమ్మడు ముట్టుకోవద్దనే చెప్పింది" అన్నాడు.

తర్వాత జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పాడు. చీటీల సంగతి, పెట్టెల సంగతి, ఆ టిక్కు సంగతి, ఏదీ దాచలేదు. ఇన్నేళ్లలో ఒక్క మూత పోనివ్వని మనిషి, కట్టుకున్నదాని ఊరు ఊరంతా పోగొట్టి ఎదురుగా నిలబడ్డాడు. నాకు ఆయన వంక చూడబుద్ధి కాలేదు.

అత్తయ్య అంతా విని, టిక్కు దగ్గర మాత్రం మళ్లీ అడిగింది.

"త్వరగా వద్దని, అది కూడా తీసేశారా?"

మామయ్య తలూపాడు. అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని నేను దగ్గరికి వెళ్లాను. నవ్వుతోంది. నవ్వి నవ్వి ఆయాసం వచ్చి స్టూలు మీద కూలబడింది. ఈవిడకు మతి గానీ చలించలేదు కదా అని నేను హడలిపోతుంటే, చేతిసంచి తెరిచి కళ్లజోడు పెట్టె తీసింది. అందులో కళ్లజోడు తుడుచుకునే గుడ్డ. ఆ గుడ్డ మడతలో బొటనవేలంత పెన్‌డ్రైవ్.

"ఊరు ఎక్కడికీ పోలేదు. ఇదిగో" అంది.

దుకాణం ఆయన వస్తున్నాడని తెలిసినప్పుడే, చెల్లెలి దగ్గరికి బయలుదేరేముందు ఊరినంతా అందులోకి ఎక్కించుకుందట. ఆ గేములో అలా ఇంకోచోట దాచుకునే వీలుందని ఆడేవాళ్లకు తెలుసు. నేను ఆడను, నాకు తెలియదు. మామయ్య ఆ పెన్‌డ్రైవ్ వంక చూశాడు, అత్తయ్య వంక చూశాడు. ముఖంలో ముందు ప్రాణం లేచొచ్చింది, వెనకే కాస్త చిన్నబుచ్చుకోవడం కూడా వచ్చింది.

"అంటే నేను పోగొడతానని నీకు ముందే తెలుసా?"

"మీరు ఏ ఇంటికెళ్లినా ఇల్లాలికి ఏం చెబుతారు? ప్రాణమైనది మాకివ్వకండి, మీ చేతిలో పట్టుకు రండి అనేగా. వాళ్లంతా మిమ్మల్ని నమ్మకే పట్టుకొచ్చారా?" అంది అత్తయ్య. "ఈసారి ఇల్లు మారింది నాది. పట్టుకొచ్చాను."

మామయ్య దాన్ని అత్తయ్య చేతిలోంచి రెండు చేతులతో అందుకున్నాడు. నాకు ఇస్తూ, మెల్లిగా, "భద్రం" అన్నాడు.

నేను ఊరిని కొత్త డిస్క్‌లోకి మార్చాను. ఈసారి చీటీ కాదు, పెట్టే. మామయ్య సందేహం తీరేదాకా పాత డిస్క్ వైరు పీకించి మరీ తెరిపించాడు. టిక్కుటిక్కు లేదు, చప్పుడే లేదు. ఏరు, వంతెన, తిన్నటి రోడ్డు, పియానో కిటికీ, ఎండ పడే ఎదురిల్లు, అన్నీ ఒక్కసారిగా వచ్చి కూర్చున్నాయి. ఆయన ఒక్కో ఇంటి దగ్గరా ఆగి చూసుకున్నాడు. ఇప్పుడు ఎవరూ తొందర పెట్టలేదు.

ఊడ్చిన డిస్క్‌ను దుకాణం ఆయనకు ఇచ్చేటప్పుడు కూడా మామయ్య, ఒకసారి చూసుకోండి, చాలా శుభ్రంగా ఉంది అన్నాడు. ఆ ధీమాకు నేను దండం పెట్టాను.

కానీ అది తర్వాత. ఆ సాయంత్రం అత్తయ్య, మేం కట్టిన వీధి మళ్లీ తెరవమంది. అష్టవంకర్ల ఇళ్లన్నీ చూసి ముసిముసిగా నవ్వింది. మొదటి ఇంటి దగ్గర ఆగింది.

"ఈ ఆకుపచ్చ తలుపుది ఎవరిది? దీని గురించి మీరు నాకెప్పుడూ చెప్పలేదే."

"నీకు చెప్పేదేముంది? నువ్వూ మోశావుగా" అన్నాడు మామయ్య. "మనం మొదట దిగిన గది."

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని తెర దగ్గరికి వంగింది. అప్పుడు మా ముగ్గురికీ తట్టింది. అంత పెద్ద ఊళ్లో అందరి ఇళ్లూ ఉన్నాయి, వాళ్లిద్దరి ఇల్లు లేదు. సాయంత్రాలు ఆయన చెప్పింది ఆవిడ చూడని ఇళ్ల గురించి. చూసినదాని గురించి చెప్పాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

తలుపు అటు కాదు, ఇటు అని అత్తయ్య అంది. ముమ్మాటికీ అటే అన్నాడు మామయ్య. కాసేపు వాదులాడుకున్నారు. చివరికి అత్తయ్య వేలితో ఆ మెట్లు చూపించింది.

"వీటికి పట్టుకోవడానికి కమ్మీ ఉండేది కాదు. నేను బిందె ఎత్తుకుని ఎక్కుతుంటే మీరు వెనకాలే వచ్చారు, రెండు చేతులూ చాపుకుని. భద్రం, భద్రం అంటూ. అప్పటికి మీరింకా ఈ పనిలో చేరలేదు."

మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాట బీరువాలతోనూ కాదు, మోకాళ్లతోనూ కాదు, మొదట ఎవరితో అన్నదో ఇన్నాళ్లకు తెలిసిందని నేను అంటే, నువ్వు వెళ్లి టీ పెట్టు అని కసిరాడు.

ఆదివారం ఇల్లు పట్టనంతమంది వచ్చారు. భోజనాలయ్యాక కంప్యూటర్ చుట్టూ మూగారు. పొడుగాయన కూతుళ్లు బకెట్ చేపల ఇల్లు చూసి తండ్రిని ఆట పట్టించారు. గుండు భార్య, పక్కింటి సామాను కథ మొదటిసారి విని ఆయన్ను నిలదీసింది. డ్రైవరు ఏ వీధిలో లారీ వెనక్కి తిప్పడం కష్టమో చెబుతుంటే ఎవరూ వినలేదు. మామయ్యను నాలుగు మాటలు చెప్పమని ఎవరూ అడగలేదు. ఆయన మాత్రం ఇంటింటికీ నాలుగేసి మాటలు చెబుతూనే ఉన్నాడు.

ఏటి ఒడ్డున మేడ మీద ఒంటి గది దగ్గర గుండు ఆగిపోయాడు. పొద్దున్నే అత్తయ్య చోటు చూపిస్తే మామయ్య తన చేత్తో కట్టిన ఇల్లు అది. ఈసారి తలుపు ఆయన అన్నవైపే పడింది.

"ఇది ఎవరిది భద్రం? ఈ మెట్లు మనం ఎక్కినట్టు నాకు గుర్తులేదు. తలుపు కూడా తప్పుగా పెట్టారు" అంటూ సరిచేయడానికి మౌసు అందుకోబోయాడు.

అత్తయ్య మౌసు మీద చెయ్యి వేసేసింది.

"దాన్ని ముట్టుకోకండి అన్నయ్యా. అది మీరు మోసింది కాదు, మేమిద్దరం మోసుకున్నది" అంది.